చెల్లెలి దీవిలో చెలమ

అండమాన్ పోయొచ్చానంటే అందరూ సముద్రం ఎట్లా ఉందని అడుగుతారు. సముద్రం చూడాలని నేను పోలేదు. నా చెల్లెల్ని ఊరికి పిలుచుకొని రావడానికి పోయాను. సముద్రం మధ్యలో అడ్డం పడింది, అంతే.

మాది కరువు సీమలో కోసిగి పక్క పల్లె. చెల్లెలు పెళ్లయిన కొత్తలోనే మొగుడి వెంట అండమాన్‌కు రోడ్డు కూలికి పోయి అక్కడే నిలిచిపోయింది. ఇప్పుడు ఇద్దరికీ మొగుళ్లు లేరు. నాకు పిల్లలూ లేరు. దానికి ఒక కొడుకు, కోడలు, సముద్రం ఒడ్డున ఒక దోసెల అంగడి. ఆదివారం చర్చి అయ్యాక ఫోన్ చేసేది. వచ్చెయ్యమే, ఇద్దరం ఒక పొయ్యి మీద వండుకుందాం అనేదాన్ని.

"పుట్టింటోళ్లు వచ్చి పిలవకుండా ఎట్ల వస్తారు యక్కా? నువ్వొచ్చి పిలువు. పెట్టె సర్దుకోని నీ ఎంటే వస్తా" అనేది.

మా పక్క అది ఉత్త మాట కాదు. ఆడపిల్ల ఎంత ముసలిదైనా, పుట్టింటి మనిషి గడప తొక్కి పిలిస్తే ఆ పిలుపును తోసెయ్యదు. అమ్మానాయనలు పోయారు, అన్నదమ్ములు లేరు. పిలవాల్సిన పుట్టిల్లు నేనొక్కదాన్నే. దాని కొడుకు ఏదో సామానుకని చెన్నైకి వస్తే, వాడి వెంట విమానం ఎక్కాను.

యాభై దాటినాక చర్చిలో సాయంత్రం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. బస్సు బోర్డు ఇంకొకరిని అడగకుండా చదువుకుంటానని నాకు కొంచెం పొగరు కూడా ఉంది. అక్కడ దిగితే ఎటు చూసినా హిందీ, ఇంగ్లీషు బోర్డులే. ముసలితనంలో కష్టపడి సంపాదించుకున్న చదువు ఒక్క విమానం దిగేసరికి పోయింది. మళ్లీ అందరి మొహాలూ చూస్తూ నిలబడ్డాను.

గడప తొక్కగానే అడిగాను. "పిల్చినా. ఎప్పుడు పోదాం?"

"అబ్బ, ఇప్పుడే కదా దిగినావు! కాళ్లు కడుక్కో. రేపు సముద్రం చూపిస్తా" అంది.

చూపించింది. ఇసుక సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. నీళ్లు ఒకచోట పచ్చగా, ఇంకోచోట నీలంగా ఉన్నాయి. బాగానే ఉంది, లేదనను. కానీ ఒడ్డు నిండా విరిగిన పగడపు ముక్కలు. చెప్పులు తీస్తే గాజుపెంకుల్లాగా కోస్తాయి. చెమట పడితే ఆరదు. మా ఊరి ఎండ మనిషిని కాలుస్తుంది, అక్కడి ఎండ ఉడకబెడుతుంది. మర్నాడు మళ్లీ అడిగాను. పడవలో ఇంకో ఒడ్డుకు తీసుకుపోయింది. అక్కడ మొసళ్లు వస్తాయి, నీళ్లలో దిగొద్దని బోర్డు ఉందట. దిగకూడని నీళ్లు చూడటానికి పడవకు చార్జీ ఇచ్చి పోవాలా? ఆ మర్నాడు మళ్లీ అడిగాను. సూర్యుడు మునిగే ఒడ్డు. నేను నోరు తెరిస్తే చాలు, దానికి ఇంకో ఒడ్డు గుర్తొచ్చేది.

వాళ్ల ఇంటి వెనక ప్లాస్టిక్ డ్రమ్ములు వరసగా ఉన్నాయి. కుళాయి రోజు విడిచి రోజు వస్తుందట, ఎండల్లో అదీ రాదట.

"ఏమే, నీళ్ల సీమకు పోయినావు గదా, ఈ డ్రమ్ములేంది?" అన్నాను.

"ఇవి తాగేవి యక్కా."

"మరి అన్ని నీళ్లుండాయే, ఆడ?"

"అవి చూసేవి" అని నవ్వింది. నేనూ నవ్వాను. అక్కడ ఉన్నన్నాళ్లూ మేమిద్దరం కలిసి నవ్వింది అప్పుడొక్కసారే.

అంగడి దగ్గర ఇంకొకటి గమనించాను. తెలుగు వాళ్లు ఎవరైనా వస్తే చెల్లెలి నాలుక మారిపోయేది. "రండి, కూర్చోండి, వేడివేడిగా వేసిస్తానండీ" అని సాగదీసేది. వాళ్లు పోయాక అడిగాను.

"ఈ అండీలు నీకు యాడ దొరికినాయే?"

"యాపారం యక్కా. నువ్వు గమ్మునుండు."

గమ్మునే ఉన్నాను. ఒక పొద్దున కుళాయి రాలేదు. అంగడిలో ఉన్న బిందె నీళ్లు పిండికీ చెట్నీకీ అయిపోయాయి. వచ్చినవాళ్లు తాగడానికి అడుగుతున్నారు. కొడుకు నీళ్ల డబ్బాలకని పోయి ఎంతకూ రాలేదు. చెల్లెలు తలపట్టుకుంది. నాకు ఎదురుగా కావలసినంత ఇసుక కనపడింది. మా పక్క ఎండాకాలం వాగూ వంకా ఎండిపోతే, ఇసుకలో చేతులతో గుంట తీస్తాం. అడుగున నీళ్లు ఊరతాయి. దాన్నే చెలమ అంటాం. అది ఊరేదాకా కూర్చొని, పైన తేరిన నీళ్లు చిప్పతో బిందెకు ఎత్తుకుంటాం. చిన్నప్పుడు మా ఇద్దరి పనీ అదే. ఇసుక ఉన్నచోట అడుగున నీళ్లు ఉంటాయని నా చేతులకు తెలుసు. ఉప్పు సంగతి నా చేతులకు తెలియదు.

అంగడి వెనక, అల వచ్చి ఆగే చోటుకు కాస్త పైన, ఒక కొబ్బరిచిప్ప తీసుకొని కూర్చున్నాను. తవ్వేకొద్దీ ఇసుక చల్లబడింది. మోచేతి లోతుకు నీళ్లు ఊరాయి. ప్రాణం లేచొచ్చింది. బురద అడుక్కు దిగనిచ్చి, చిప్పతో ముంచి నోట్లో పోసుకున్నాను. ఉప్పు! వాంతి అయ్యేంత ఉప్పు. ఉమ్మేసి తలెత్తితే చుట్టూ జనం. నలుగురైదుగురు ఫోన్లు పట్టుకొని నన్ను వీడియో తీస్తున్నారు, నవ్వుతున్నారు. వాళ్లకు ఆ రోజు దొరికిన వింత నేనే.

చెల్లెలు పరుగున వచ్చింది. ఒక ఉత్తరాది ఆమె దాన్ని హిందీలో అడిగింది. ఎవరు ఈమె, మీ అక్కా అని.

"నై నై. గావ్‌వాలీ హై" అంది నా చెల్లెలు.

కాదు కాదు, ఊరామె అని. మా వీధికి అవతల వీధి అంతా సాయిబుల ఇళ్లే. వాళ్ల పిల్లలతో ఆడి, వాళ్ల పెళ్లిళ్లలో తిని పెరిగినవాళ్లం. వాళ్ల ఉర్దూ నేర్చుకోవడానికి మాకు బడి అక్కరలేకపోయింది, చెవికి ఈ హిందీ కూడా దాదాపు అదే. ఇంత బతుకు బతికి దానికి నేను ఊరామెనయ్యాను.

జనం చెదిరిపోయేదాకా ఆగాను. కొడుకు నీళ్ల డబ్బాలు తెచ్చాక, అది ప్లేట్లు కడుగుతుండగా పక్కన నిలబడి అడిగాను.

"నేను గావ్‌వాలీనా మే?"

దాని చేతిలో ప్లేటు ఆగింది. "నీకు ఉర్దూ ఇంకా వస్తాదా?" అంది.

అన్న మాటకు కాదు, నాకు అర్థమైనందుకే అది బాధపడింది.

"వస్తాది. చెప్పు. అక్క అంటే ఏం పోయేది?"

"అక్క అంటే మీది ఏ ఊరంటారు. నేను ఈడ కాకినాడ పక్కోళ్లమని చెప్పుకున్న్యా. కరువు సీమ నుంచి కూలికి వచ్చినోళ్లంటే కోడలి తరపోళ్లు ఎట్ల చూస్తారో నీకేం తెలుసు? ఇంతమందిలో నువ్వు చూస్తే కుక్క మాదిరి ఇసుక తవ్వుతాండావు."

"నీ నీళ్ల కోసమే గదా తవ్వింది."

అది మళ్లీ ప్లేటు కడగసాగింది. నేనే అడిగాను. ఇంక ఒడ్లు చూపించి తప్పించుకోవడానికి వీల్లేకుండా ఎదురుగా నిలబడి అడిగాను.

"పుట్టిల్లు వచ్చి పిలుస్తాండాది. వస్తావా, రావా?"

"నువ్వు వస్తావని నేను అనుకోల్యా యక్కా" అంది, ప్లేటు వైపే చూస్తూ. "విమానం ఎక్కుతావని ఎవరనుకుంటారు? ఊరికే అన్న్యా. ఆడికి వచ్చి నేనేం జేయాల?"

ఇన్ని ఆదివారాలూ అది ఫోన్‌లో పెట్టిన షరతు, నేను తీర్చలేనని పెట్టిన షరతు. నేను దాన్ని పిలుపు అనుకున్నాను. అది దాన్ని తలుపు గడియ అనుకుంది.

మిగిలిన రోజులు దాని ఇంట్లో ఒక మూల కూర్చున్నాను. ఇంకొక మంచి ఒడ్డు ఉంది, తాబేళ్లు వస్తాయి, పోదాం రా అని బతిమాలింది. తాబేళ్లకు నన్ను ఏమని చెప్తావో చెప్పు, అప్పుడు వస్తా అన్నాను. ఏడ్చింది. ఏడవనీ అనుకున్నాను. నేను ఓదార్చలేదు, ఇప్పుడు తలుచుకున్నా ఓదార్చాలనిపించదు.

ఊరికి వచ్చాక చర్చి మెట్ల మీద ఆడవాళ్లు చుట్టూ చేరారు.

"మీ చెల్లెలు యాడక్కా? ఎంట తీసుకొస్తానంటివే?"

"రాదు" అన్నాను.

"యాటికి? ఎందుకు రాదంట?"

"ఆడ సముద్రం శానా బాగుండాదంట."

నిజమే అనుకొని, ఎంత పెద్దగా ఉందో చెప్పమని అడిగారు. చెప్పాను.