గుర్తు అన్న చోట ఆమె రాసిన పేరు

మా పాపని స్కూల్లో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. నావైపు నెల్లూరువాళ్లంతా తేలిగ్గానే దొరికారు. మా ఆయన బ్రెండన్ వైపు మాత్రం ఒక ముత్తవ్వ దగ్గర ఆగిపోయింది. ఇక్కడ ఐర్లాండ్‌లోనే ట్రాలీ అనే ఊళ్లో ఉండే మా అత్తగారికి ఫోన్ చేశాను. ఆవిడని నోరా అనే పిలుస్తాను, ఇక్కడ అంతే. ఆ ముత్తవ్వ ఎవరని అడిగాను. "ఆవిడ మా తాతగారి అమ్మ. కెనడా నుంచి వచ్చిన క్రీ అనే ఆదివాసీ తెగ మనిషి. ఇంట్లో ఆ సంగతి దాచి, స్పెయిన్ పిల్ల అని చెప్పుకునేవాళ్లు. సంతకం కూడా రాదనేవాళ్లు," అంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి ఆ మాట గొంతు తగ్గించి చెప్పడం నాకు నచ్చలేదు. వెతుకుదాం అన్నాను.

ఆమె భర్త, అంటే నోరా ముత్తాత, తోళ్ల వ్యాపారంలో పనికని కెనడా వెళ్లి, ఆమెను పెళ్లాడి, ఇప్పుడు మాకు సరిహద్దుకు అవతల ఉన్న ఉత్తర ఐర్లాండ్‌లోని తన పల్లెకు తెచ్చుకున్నాడు. ఆయన పోయాక పొలం కౌలు ఆమె పేరుకు మారిన కాగితం బెల్‌ఫాస్ట్‌లోని ప్రభుత్వ రికార్డుల ఆఫీసులో ఉందని ఆన్‌లైన్ జాబితాలో కనిపించింది. పేరు మేరీ. సంతకం చోట, రాయడం రానివాళ్లు ఇంటూ మార్కు పెడితే రాసే 'గుర్తు' అన్న మాట ఉంది.

నోరా బుధవారమే మా ఇంటికొచ్చింది. గురువారం పొద్దున ఆరున్నరకి ఇద్దరం మా చెర్రీవుడ్‌లో లువాస్ ట్రామ్ ఎక్కి, సిటీ మధ్యలో దిగి కనొలీ రైల్వే స్టేషన్‌కి నడిచాం. బెల్‌ఫాస్ట్‌కి రైల్లో రెండు గంటల పైనే పడుతుంది. ముందే బుక్ చేస్తే టికెట్ చవక. సరిహద్దు దాటినట్టు ఫోన్‌కి మెసేజ్ వచ్చిందంతే, ఎవరూ ఆపలేదు. అయినా అవతలిది యూకే కాబట్టి ఇండియా పాస్‌పోర్ట్ ఉంటే యూకే వీసా తప్పదు. నేను ముందే తీసుకున్నా.

బెల్‌ఫాస్ట్‌లో దిగి టాక్సీ ఎక్కితే, డ్రైవర్ అద్దంలో నావైపు చూశాడు. "రికార్డుల ఆఫీసుకా? పూర్వీకులు మీవాళ్లా?"

"మా అమ్మాయి వాళ్లు," అన్నాను. నోరా నా చెయ్యి పట్టుకుంది.

గుర్తింపు కార్డులు చూపించి లోపలికి వెళ్లాం. పదకొండుకల్లా ఫైలు మా ముందుంది. కింద ఆనాటి గుమాస్తా గుండ్రటి చేతిరాతలో 'మేరీ, ఆమె గుర్తు' అని రాశాడు. పక్కన ఉండాల్సిన ఇంటూ మార్కు లేదు. చుక్క పెట్టిన త్రికోణం, పక్కకు తిరిగిన కోణం, చివర చిన్న వంపు. "పిచ్చిగీతలా?" అంది నోరా. కాగితం తెచ్చిన ఉద్యోగిని వంగి చూసి, "ఇది ఏదో లిపిలా ఉందే," అంది.

ఫోన్లో క్రీ అక్షరాల పట్టిక తీశాను. మన గుణింతంలా ఒక్కో అక్షరం ఒక్కో ధ్వని. గుర్తును తిప్పితే అచ్చు మారుతుంది. చదువుకుంటూ పోతే పావుగంట పట్టింది. వా... ప... న్. వాపన్. ఆమె అసలు పేరు. క్రీ భాషలో తెల్లవారింది అని అర్థం.

నోరా బయటికొచ్చి తమ్ముడికి ఫోన్ చేసింది. "ఆవిడకి రాయడం వచ్చురా. చదవడం రానిది ఆ గుమాస్తాకి!" అంది. కారిడార్లో అందరూ తిరిగి చూశారు. ఆవిడ గొంతు తగ్గించలేదు.

పరాయి దేశంలో, మొగుడు పోయి, పొలం నిలబెట్టుకోవాల్సిన రోజున, ఇంటూ మార్కు పెట్టి రావడం ఆమెకి సులువు. సొంత అక్షరాల్లో సొంత పేరు రాసి వచ్చింది. మా పాప ఆ మనిషి మనవరాళ్ల వరసలోది. ఇది తలచుకుంటే నాకే ఒక అంగుళం ఎత్తు పెరిగినట్టుంది.

మీరు కూడా వెళ్తుంటే ఒక్కటే చెప్తాను: ఆన్‌లైన్ జాబితాతో సరిపెట్టుకోకండి. అసలు కాగితం తెప్పించుకుని, కళ్లతో చూడండి.