చిక్కుడు గింజల వారం

రెండో తరగతి టీచరమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపం పిల్లల మీద కాదు, వాళ్ళను కన్నవాళ్ళ మీద. తనతో పాటు బడిలో చేరినవాళ్ళంతా పెద్ద తరగతులకు ఎక్కిపోయారు. ఆవిడ మాత్రం నోటి దురుసు పుణ్యమా అని ఆ పొట్టి బెంచీల మధ్యే ఉండిపోయింది. "నువ్వు కాస్త నోరు కట్టేసుకుంటే ఈపాటికి హెడ్మాస్టరువి అయ్యేదానివి వదినా" అని ఆడపడుచు ఎగతాళి చేస్తే, "ఆ కుర్చీలో కూచోవాలంటే నోరొక్కటే కాదమ్మా, కళ్ళూ చెవులూ కూడా కట్టేసుకోవాలి" అనేది.

ఈ వారం పాఠం మొలకలు. ప్లాస్టిక్ గ్లాసులో తడి దూది, దూదిలో ఒక చిక్కుడు గింజ. ఎవరి గ్లాసు వాళ్ళు తరగతి కిటికీ గట్టు మీద పెట్టుకోవాలి, రోజూ చూడాలి, చూసింది చెప్పాలి. నీళ్ళిస్తే గింజ మొలుస్తుంది, వెలుతురిస్తే మొలక పచ్చబడుతుంది. పాఠమంతా ఇంతే. ఇంత చిన్న పాఠాన్ని కూడా తగలెయ్యకపోతే పెద్దవాళ్ళకు తిన్నది అరగదు.

శనివారం తల్లిదండ్రులొచ్చి చూడొచ్చని హెడ్మాస్టరు కబురు పంపాడో లేదో, ఇళ్ళల్లో పూనకాలు మొదలయ్యాయి. మందుల షాపాయన కొడుకు మర్నాడే మోకాలెత్తు మొక్కతో దిగాడు. "మావాడి చెయ్యి మంచిదండీ, పెట్టిందే తడవు లేచి కూచుంది" అన్నాడు తండ్రి తొణక్కుండా. దానికి పువ్వు కూడా ఉంది. అదీ బంతిపువ్వు.

"చిక్కుడు గింజకు బంతిపువ్వు పూయించారంటే మీరింకా మందులమ్ముకుంటూ కూచున్నారేమిటండీ" అంది టీచరమ్మ. ఆయన సంతోషంగా నవ్వాడు. పొగిడిందనుకున్నాడు కాబోలు, మహానుభావుడు.

ఇంకొకావిడ వాలిపోయిన మొలకను ఇంటికి తెప్పించుకుని, అగ్గిపుల్లకు దారంతో కట్టి నిలబెట్టి పంపింది. "సిగ్గూ ఎగ్గూ లేని జనం. పసివాళ్ళకు మోసం నేర్పడానికి ఊరంతా ఉంది, పాఠం నేర్పడానికి నేనొక్కదాన్ని" అని టీచరమ్మ స్టాఫ్ రూంలో అందరినీ కలిపి దులిపేసింది.

ఆ గోలలో గ్లాసును నిజంగా చూస్తున్నది ఒక్క పిల్లే. దర్జీ కూతురు. ఇంట్లో గలగలా మాట్లాడుతుందట గానీ, బడి తెరిచిన నాటి నుంచి తరగతిలో పెదవి విప్పలేదు. "మాట్లాడని పిల్లకు ఏమొచ్చో ఎలా తెలుస్తుంది? శనివారం నా ముందు రెండు ముక్కలు చెప్పించండి. లేదంటే మళ్ళీ ఒకటిలో కూచోబెడతాను" అని హెడ్మాస్టరు తేల్చేశాడు. దర్జీ మెడలో టేపు తియ్యకుండానే పరుగెత్తుకొచ్చి, "మీరే ఎలాగైనా గట్టెక్కించాలమ్మా" అన్నాడు. ఆ మాటకు టీచరమ్మ గుండె కరిగిపోయింది.

తీరా చూస్తే ఆ పిల్ల గింజే మొలవలేదు. అందరివీ తలలెత్తాయి, ఇది మాత్రం దూదిలో ముడుచుకుని పడుంది. పిల్ల రోజూ గట్టుకు గడ్డం ఆనించి దాన్నే చూసేది.

శనివారం గంట కొట్టకముందే టీచరమ్మ వచ్చింది. ఉత్త గ్లాసు పట్టుకుని పిల్ల ఏం చెబుతుంది? గ్లాసులు ఒలికిపోతే పనికొస్తాయని ఆవిడ బీరువాలో నాలుగు అదనంగా పెంచేది. వాటిలో పొడుగ్గా ఎదిగినదాన్ని తీసింది. పిల్ల పేరున్న చీటీ ఊడదీసి దీనికి అంటించింది. పాత గ్లాసును బయట చెత్తబండిలో వేసేసింది. ఇది మోసం కాదు, జాలి, అని తనకు తనే సర్దిచెప్పుకుంది. మందుల షాపాయన కూడా ఇంట్లో సరిగ్గా ఇలాగే అనుకుని ఉంటాడని ఆవిడకు తట్టలేదు.

పెద్దవాళ్ళంతా గోడవారగా నిలబడ్డారు. హెడ్మాస్టరు దర్జీ కూతురి దగ్గర ఆగాడు. "ఏమ్మా, నీ మొక్క గురించి చెప్పు."

పిల్ల గ్లాసును చూసింది. గట్టు మీది మిగతావాటిని చూసింది. మళ్ళీ గ్లాసు వైపే తిరిగింది. దర్జీ ముఖం పాలిపోయింది.

"ఇది నాది కాదండీ" అంది పిల్ల.

"నీ పేరే ఉందిగా?"

"కిటికీ దగ్గరుంటే పచ్చగా ఉంటుందండీ. ఇది తెల్లగా సాగిపోయింది. దీన్ని చీకట్లో పెట్టారు. నాది ఇంకా మొలవలేదు. నిన్న సాయంత్రం కొంచెం పగిలింది, లోపల తెల్లగా కనిపించింది. ఇవాళ చూద్దామనుకున్నా."

హెడ్మాస్టరు చప్పట్లు కొట్టాడు. "భలే మాట్లాడిందండీ! ఈ పిల్లను ఎక్కడికీ కదపక్కర్లేదు." దర్జీ కళ్ళు తుడుచుకున్నాడు. మందుల షాపాయన టీచరమ్మ వైపు తిరిగి, "మీ చెయ్యి కూడా మంచిదేనండీ" అన్నాడు, ఈసారి అన్నీ తెలిసే నవ్వుతూ.

పిల్లకు ఆ చప్పట్లేవీ పట్టలేదు. "నా గ్లాసేది టీచర్?"

"పారేశానమ్మా. మొలవలేదు కదా అని."

"అందులో గింజ ఉంది కదా టీచర్" అంది పిల్ల.

టీచరమ్మకు సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు. పిల్ల మాత్రం జవాబు కోసం ఆవిడనే చూస్తూ నిలబడింది.