మూడోసారి వచ్చిన తాటిచెట్టు

అది 1955 వేసవి. నాకు తొమ్మిదేళ్లు. లాల్‌దర్వాజాలోని మా వాకిట్లో పిల్లలం ప్రతి ఆదివారం సాయంత్రం నవ్వు నాటికలు వేసేవాళ్లం. కథ మారినా రైలుపెట్టె మారేది కాదు. నిలబెట్టిన నులకమంచమే దాని కిటికీ. వెనక ఇద్దరు రెండు కర్రలు తిప్పుతుంటే, కొసలు కలిపి కుట్టిన పాత చీర మీద గీసిన కొండలు, ఒక వంకర తాటిచెట్టు కదిలిపోయేవి.

ఎంతో బతిమాలితే మా పెద్దమ్మ కూతురు సక్కుబాయి నాకు టికెట్ లేని ప్రయాణికురాలి వేషం ఇచ్చింది.

"తాటిచెట్టు మూడోసారి రాంగనే నువ్వు కూసున్న బల్ల కిందికి దూరాలె. మరిస్తివా, మళ్ల వేషం లేదు" అంది.

లెక్క తప్పడం నా అలవాటు కాదు. కానీ నేనప్పటికి రైలు ఎక్కి ఎరగను. నులక సందుల్లోంచి కొండలు కదులుతుంటే నా కింద నేల కూడా కదిలినట్టయింది. చెట్టు వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. లెక్క ఎప్పుడు మరిచానో తెలియదు.

"టికెట్ ఏది?" అంటూ టికెట్ కలెక్టర్ వేషంలో ఉన్న సక్కుబాయి అక్క నా భుజం కుదిపింది.

"ఊకో అక్కా, ఊరింక రాలే" అన్నాను.

వాకిలంతా గొల్లున నవ్వింది. సిగ్గుతో ఏడుస్తూ అమ్మ ఒళ్లో దూరాను.

"ఏడ్వకు బిడ్డా. ఎంత దూరం పోయొచ్చినవే?" అంది అమ్మ.

అక్క మాట తప్పలేదు. తరువాత నాకు కర్ర తిప్పే పనే మిగిలింది.

పెళ్లయ్యాక మొదటిసారి నిజం రైలెక్కాను. కిటికీలోంచి ఒక వంకర తాటిచెట్టు కనిపించింది. అది మళ్లీ వస్తుందేమోనని చాలాసేపు చూశాను.