రేచుకుక్కల తరఫున

మొన్న నందిగామలో ఒక పెళ్లికి వెళ్లి భోజనాల బంతిలో కూర్చుంటే, పక్క విస్తరి పెద్దమనిషి అడవిలో తిరిగే రేచుకుక్కలు తోకతో ఉచ్చ చిలకరించి పశువుల కళ్లు పోగొట్టి చంపుతాయని పిల్లలకు కథ చెబుతున్నారు. అది శుద్ధ అబద్ధమని నేను పప్పన్నం కలుపుతూనే పైకి అనేశాను. మా చెల్లెలు తొడ మీద గిల్లింది కానీ, ఊరంతా ఒకవైపు నిలబడిన రోజున ఊరుకోని దాన్ని, ఇప్పుడు గిల్లితే ఊరుకుంటానా?

డెబ్బైల్లో జగ్గయ్యపేట దగ్గరి ఒక పల్లె బడిలో సైన్సు పంతులమ్మగా చేరి, నన్ను పెంచి బీయస్సీ దాకా చదివించిన మేనమామ ఇంట్లోనే ఉండేదాన్ని. ఆయనకు మేకల మంద ఉండేది, ఆదివారాలు ఆ మంద వెంట వేదాద్రి వైపు గుట్టలెక్కటం నాకు సరదా. రేచుకుక్కలను అక్కడే చూశాను. ఇటుక రంగు ఒళ్లు, నల్లటి కుచ్చుతోక, మొరగటమన్నది లేదు, పొదల్లో ఒకదాన్నొకటి ఈల వేసి పిలుచుకుంటాయి. ఒకసారి అడవిపందిని పడగొట్టినప్పుడు, పిల్లలు కడుపు నిండా తినేదాకా పెద్దవి పక్కకు తప్పుకుని కాపలా కాయటం చూసి, మనుషుల బంతుల్లో కూడా ఇంత మర్యాద లేదే అనుకున్నాను.

ఒక ఎండాకాలం మావయ్య మేకలు వరసగా నాలుగు చచ్చాయి, నేరం రేచుకుక్కల మీద పడింది. చచ్చిన దూడకు పత్తికి కొట్టే ఎండ్రిన్ పురుగుమందు పూసి గుట్ట కింద పడేస్తే గుంపు మొత్తం ఒక్క పూటలో పోతుందని పెద్దలు తీర్మానించారు, దూడనిచ్చింది మావయ్యే. చచ్చిన మేకలను నేను చూశాను. గొంతులు కొరికి ఉన్నాయి, మాంసం మాత్రం ముట్టలేదు. ఆకలికి వేటాడే జంతువైతే ఎముకలే మిగిలేవి, ఇది అన్నం తిని బలిసిన ఊరకుక్కల పనేనని చెప్పాను.

"కుక్కలకి వత్తాసు పలకటానికా నిన్ను చదివించింది?" అని మావయ్య గయ్యిమన్నాడు.

"నిజం చెప్పటానికి చదివించావు మావయ్యా," అన్నాను.

దూడను పడేసి వాళ్లింకా అక్కడే బీడీలు కాల్చుకుంటుండగా, పక్క చేలో ఎండిన పత్తికట్టె కుప్ప నుంచి మోపులు మోపులుగా తెచ్చి దాని మీద పేర్చి, పట్టపగలు అందరి ఎదుటా కిరసనాయిలు పోసి తగలబెట్టాను. ఆడపిల్ల చెయ్యి పట్టుకుని ఆపటానికి ఎవరికీ మొహం చెల్లలేదు, తిట్లు మాత్రం తనివితీరా తిట్టారు. తిట్టనీ అనుకున్నాను. మావయ్య నాతో మాట మానేశాడు, అదొక్కటే గుచ్చుకుంది.

పదిహేను రోజులకు ఆయన కళ్లారా చూశాడు. మేకపిల్ల మీద పడ్డ ఊరకుక్కల గుంపులో అన్నిటికన్నా ముందున్నది, రోజూ ఆయన చేతి ముద్ద తిని మందకు కాపలా కాసే మా ఇంటి కుక్కే. కంచే చేను మేసింది. తప్పయిందని అనలేదు, ఆయన ఎవరితోనూ అనే మనిషి కాదు. ముంతెడు మేకపాలు నా ముందు పెట్టి వెళ్లాడు. ఆ రోజు నుంచి మందను గుట్టకు తోలినప్పుడల్లా ఈల వినపడుతుందేమోనని చెవి ఒగ్గేవాడు.

ఎనభైలు సగం గడిచేసరికి రాయి కోసం గుట్టలను తొలవటం మొదలై, పేలుళ్ల చప్పుడుకు ఆ గుంపు ఎటో పోయింది. విషం నుంచి కాపాడాను గానీ, మందుగుండు ముందు నా పత్తికట్టె ఏపాటి? అయినా ఆ దూడ మళ్లీ ఎదురైతే మళ్లీ తగలబెడతాను. మంచం పట్టాక మావయ్యకు చెవులు మందగించాయి, గుట్టల వైపు తల తిప్పి, "ఈల ఇనపడిందా అమ్మాయ్?" అని అడిగేవాడు. ఊరంతటినీ ఎదిరించి నిజం చెప్పిన నోటితోనే, ప్రతిసారీ వినపడిందని చెప్పాను.