అంకె మార్చి పేరు మార్చని మేస్త్రీ

మొన్న సెలవులకు గిద్దలూరు నుంచి వచ్చిన మా మనవరాలు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని తల పట్టుకు కూర్చుంది. సంగతేమిటని అడిగితే, కాలేజీలో ఒక లెక్క ఇచ్చారట. పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక్కో అంకె ఉన్న పట్టీ ఇస్తే, అన్నిటికన్నా పెద్ద అంకె ఎవరిదో కంప్యూటరు చెప్పాలి. "అంకె కరెక్టుగానే వస్తాంది అవ్వా, పేరు మాత్రం పట్టీలో మొదటిదే వస్తాంది" అంది. కాసేపటికి తప్పు తనే పట్టుకుంది. ఇంకా పెద్ద అంకె దొరికినప్పుడల్లా పాతది తీసేసి కొత్తది పెట్టమని రాసిందిగాని, దాంతోపాటు పేరునూ మార్చమనడం మరిచిపోయిందట. తను నవ్వింది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

పలక మీద బలపంతో అక్షరాలు దిద్దిన నా ఈడువాళ్లకు మార్కాపురం పలక తెలియకపోదు, దాన్ని కోసిన చేతులు తెలియకపోవచ్చు. పెళ్లికి ముందు నేనూ మా అక్కా ఊరి బయట ఒక పలకల ఫ్యాక్టరీలో రాతిరేకులను కొలతకు కోసేవాళ్లం. కొంగు ముక్కుకు కట్టుకున్నా సాయంత్రానికి ఉమ్మితే బూడిదరంగే పడేది. అక్కకు అప్పటికే దగ్గు పట్టుకుంది. ఆ దుమ్ములోంచి బయటపడే దారి ఒక్కటే ఉండేది. ఏడాదికోసారి, ముందుగా చెప్పకుండా ఏదో ఒక వారం లెక్క చూసి, అందరికన్నా ఎక్కువ పలకలు కోసినామెను యజమాని ప్యాకింగు గదికి మార్చేవాడు. ఆ గదిలో గడ్డి పరిచి పలకలు సర్దడమే పని, దుమ్ముండదు. దానికోసం అక్క ఆ ఏడాదంతా దగ్గుతూనే చేతులు బొబ్బలెక్కేలా కోసింది.

ఎవరి పలకలు వాళ్ల పేరుమీద దొంతరలుగా ఉండేవి. ఆ వారం చివర శనివారంనాడు మా పని చూసే మేస్త్రీ ఒక పలక మీద రెండు గళ్లు గీసి, ఒక గడిలో మొదటి దొంతర పేరు, ఇంకోదాంట్లో దాని అంకె వేసుకుని బయలుదేరేవాడు. ఆ మొదటి దొంతర ఎప్పుడూ ఆయన ఇంటివాళ్లదే, ఆ ఏడాది ఆయన మరదలిది, పెళ్లాం చెల్లెలిది. ముందుకెళ్లినకొద్దీ అంతకన్నా పెద్ద అంకె కనబడితే, బొటనవేలు తడిచేసి పాతదాన్ని తుడిచి కొత్తది వేసేవాడు. పేరు గడి జోలికి మాత్రం పోయేవాడు కాదు. చివరికి పలక మీద అంకె మా అక్కది, పేరు ఆయన మరదలిది. యజమాని సోమవారం వచ్చి గోడకున్న ఆ పలక ఒక్కటే చూసేవాడు. అక్కడ కోసే ఆడవాళ్లలో చదవడం వచ్చిందాన్ని నేనొక్కదాన్నే, అదీ అయిదో తరగతి దాకా. పోయి నిలదీస్తే మేస్త్రీ నవ్వినాడు. "ఏందే పాపా, అంకె సరిగానే ఉందిగదా, ఇంకేం గావాల నీకు?"

అక్క ఊరుకోమంది. "పోనీలేవే, పైన ప్రభువు చూస్తాండాడు." ప్రభువు చూస్తాడు సరే, యజమాని చూడొద్దా? నేను ఊరుకోలేదు. పగ పెట్టుకోవడం చెడ్డ గుణమంటారు. ఆ ఏడాదంతా నాకు అన్నం సహించిందంటే దానివల్లే.

మరుసటేడూ అంతే జరిగింది. ఈసారి మొదటి దొంతర ఆయన తమ్ముడి భార్యది, ఎక్కువ కోసింది మళ్లీ మా అక్కే. సోమవారం వాకిలి ఊడ్చే వంతు నాది. పొద్దున్నే అందరికన్నా ముందు పోయి, గోడకున్న పలక దించి, పేరు గడి తుడిచి, బలపంతో కాదు, ఇనప మేకుతో అక్క పేరు లోతుగా చెక్కి మళ్లీ తగిలించాను. యజమానితో కలిసి వచ్చిన మేస్త్రీ ఆ పేరు చూసి, అలవాటుకొద్దీ బొటనవేలు తడిచేసి రుద్దాడు. పోలేదు. మళ్లీ ఉమ్మి రుద్దాడు. ఎందుకు తుడుస్తున్నావని యజమాని అడిగితే, పేరు తప్పుపడిందన్నాడు. అయితే దొంతరలు లెక్కపెట్టమన్నాడు యజమాని. మేమంతా పని ఆపి చూస్తుంటే, మేస్త్రీ తన నోటితోనే మా అక్క పలకలు ఒకటొకటిగా లెక్కపెట్టాడు. ఆ లెక్క వినడం నాకిప్పటికీ తీపే.

అక్క ప్యాకింగు గదికి పోయింది. ఆమె ఖాళీచేసిన చోటే మేస్త్రీని కోతకు కూర్చోబెట్టారు. నేను రోజూ గాలివాటం చూసుకుని, నా దుమ్ము ఆయన మీదికి పోయేలా పీట వేసుకునేదాన్ని. కానీ దగ్గు కూడా అక్క వెంటే ఆ గదికి పోయింది. మేస్త్రీ పేరు మార్చనందుకు దుమ్ములో అదనంగా గడిపిన ఆ ఒక్క ఏడాదే ఆమెను తినేసిందని ఆసుపత్రిలో చెప్పారు. నిజమో కాదో నాకు తెలియదుగాని, నేను నమ్మాను. అక్క పోయిన చాన్నాళ్లకు మేస్త్రీ పోతే, పక్కవీధే అయినా నేను గడప దాటలేదు. చచ్చినవాళ్ల మీద కోపం ఉండకూడదంటారు. నాకుంది.

ఇప్పుడు పిల్లల చేతుల్లో పలకలు లేవు, మేం కోసిన షెడ్డులో కంపచెట్లు మొలిచాయి. ఈ కాలంలో తప్పు దొరికితే కంప్యూటరుకు రాసినదాంట్లో వరుస ఒకటి చేర్చి దిద్దుకుంటున్నారు, ఎవరి ఊపిరీ పోదు. మనవరాలు ఆ వరుస చేర్చి, సరిచూడ్డానికి నాలుగు పేర్లు చెప్పమంది. చెప్పి, అన్నిటికన్నా పెద్ద అంకె అక్క పేరు పక్కన వేయించాను. మీట నొక్కితే తెర మీద ఆ ఒక్క పేరే వచ్చింది.

ఇంకోసారి నొక్కమన్నాను.