ఆరు మిల్లీమీటర్ల సందు

మార్చి రెండో వారంలో, ఉదయం ఐదూ నలభైకి మేడ్చల్ స్టేషన్‌లో దిగాం. నలభై రెండు మందిమి. మనిషికొక కిట్ బ్యాగు, దుప్పటి, నీళ్ళ సీసా, రైఫిల్. ఆ మూడు నెలల్లో రైఫిల్‌ను తుడవడానికి తప్ప బయటికి తీయలేదు.

అవి తొంభైల చివరి రోజులు. మా కంపెనీ పని రైలు పట్టాలు వేయడం. సైన్యంలో ఆ పని చేసేవాళ్ళుంటారని యాప్రాల్‌లో మా కాలనీవాళ్ళకు తెలియదు. ఆదివారం చర్చి అయ్యాక, "మీరు ఏ బార్డర్‌లో చేశారండీ?" అని అడుగుతారు. రెండు బార్డర్లలో చేశాను. కానీ నేను చెప్పాలనుకున్న డ్యూటీ అక్కడ జరగలేదు. వాళ్ళు కారేసుకుని ద్రాక్షపళ్ళు కొనడానికి వెళ్ళే దారిలో జరిగింది.

ఆర్డరు ఇది. మేడ్చల్ దగ్గర మెయిన్ లైను నుంచి తూర్పుగా, శామీర్‌పేట వైపు, సామాను నిలవచేసే యార్డు దాకా ఒక సైడింగ్, అంటే పక్క లైను, వేయాలి. పొడవు పదమూడు వందల మీటర్లు. మే ఆఖరికి బండి నడవాలి. ఒక్కో పట్టా పదమూడు మీటర్లు. రెండు వైపులా కలిపి రెండు వందల పట్టాలు, రెండు వందల అతుకులు. అతుకంటే రెండు పట్టాల కొసలు కలిసేచోటు. లోపల ఒక ఇనుప పలక, బయట ఒక పలక పెట్టి, వాటి గుండా నాలుగు బోల్టులు బిగించాలి. పలకల్ని ఫిష్‌ప్లేట్లు అంటారు. మొత్తం బోల్టులు ఎనిమిది వందలు.

నేల ఎర్ర మొరం. అక్కడక్కడా నల్ల బండలు. ఎడమ పక్క ద్రాక్ష తోట, కుడి పక్క సీతాఫలం పొదలు. గాలి తూర్పు నుంచి వీస్తే అలియాబాద్ దగ్గర రోడ్డు మీద లారీల మోత వినిపించేది. నీళ్ళు శామీర్‌పేట నుంచి ట్యాంకర్లో వచ్చేవి, రోజుకు ఒక్కసారి.

నేను హవల్దార్‌ని. పదో తరగతి లెక్కల్లో ముప్పై ఒకటి వచ్చి తప్పినవాణ్ణి. లెక్క తర్వాత నేర్చుకున్నాను, ఎవరూ చెప్పకుండా, గుడారంలో కూర్చుని. అందుకని కంపెనీలో సందుల పని నాకిచ్చారు. ఎండకు ఇనుము పెరుగుతుంది. పదమూడు మీటర్ల పట్టా వంద డిగ్రీలకు పదిహేను మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాబట్టి వేసేటప్పుడే రెండు కొసల మధ్య కొంత సందు వదలాలి. పట్టా వేడి ఇరవై నాలుగు డిగ్రీలుంటే ఆరు మిల్లీమీటర్లు. నలభై నాలుగుంటే మూడు. అరవై నాలుగుంటే ఏమీ వద్దు. ఈ పట్టిక నేనే తయారుచేశాను. ఒక పట్టా ముక్కకు రంధ్రం చేసి, అందులో థర్మామీటరు నిలబెట్టి లైను పక్కనే ఉంచేవాణ్ణి. జేబులో రెండు ఇనుప బద్దలు ఉండేవి. ఒకటి ఆరు మందం, ఒకటి మూడు. సందులో బద్ద పెట్టి, పట్టాను దానికి ఆనించి, బోల్టులు బిగించాక బద్ద లాగేసేవాళ్ళం.

పని ఉదయం ఐదున్నర నుంచి పదకొండు దాకా. మళ్ళీ నాలుగు నుంచి ఆరున్నర దాకా. మధ్యలో అందరూ గుడారాల్లో ఉండాలని ఆర్డరు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

బిగించే పని మా నాయక్‌ది, ర్యాంకులో నాకు ఒక మెట్టు కింద. సిద్దిపేట వైపు మనిషి, ఇరవై ఆరేళ్ళు. పొద్దున నాలుగింటికి లేచి శామీర్‌పేట చెరువు కట్ట దాకా పరుగెత్తి వచ్చేవాడు. పోను రాను పదమూడు కిలోమీటర్లు. టైము నేనే చూసేవాణ్ణి. మార్చిలో గంటా నాలుగు నిమిషాలు. ఏప్రిల్ ఆఖరుకు యాభై ఎనిమిది. జులైలో పెద్ద పరుగు పందెం ఉంది. మా తరఫున అతని పేరు పంపారు. గెలిస్తే ప్రమోషన్ కోర్సుకు దారి పడేది.

నేను బద్ద పెట్టి థర్మామీటరు చూస్తుంటే అతనికి నవ్వు.

"సార్, మీరు లెక్క జేసుడు అయ్యేలోపల నేను పెండ్లి జేస్కొని పిల్లల్ని బడికి తోలుత."

"పిల్లనెవరిస్తారు నీకు?"

"గా లెక్క సుత మీరే జెయ్యిన్రి మరి."

రోజూ సాయంత్రం ఆరింటికి సుబేదార్ సాబ్ చిన్న సుత్తి పట్టుకుని లైను వెంట నడిచేవాడు. ప్రతి బోల్టు మీద ఒక దెబ్బ. గట్టిగా బిగించింది గంటలా మోగుతుంది. వదులుది చప్పగా పలుకుతుంది. మా కంపెనీలో రెండు సెక్షన్లు. ఎవరి బోల్టుల్లో చప్పనివి తక్కువో వాళ్ళకు ట్యాంకర్ నీళ్ళతో ముందు స్నానం. రెండోవాళ్ళకు అడుగు నీళ్ళు, మట్టితో. చప్పగా పలికితే సుబేదార్ సాబ్ ఆగి, "పొద్దున రొట్టెలు తినలేదా?" అనేవాడు, హిందీలో. అది మొత్తం లైనుకు వినిపించేది.

ఏప్రిల్ మొదటి వారంలో నాయక్ పానా పిడికి రెండడుగుల ఇనుప పైపు తొడిగాడు. పిడి పొడవు పెరిగితే పట్టు పెరుగుతుంది. ఆ రోజు నుంచి మా సెక్షన్లో చప్పగా పలికే బోల్టు ఎప్పుడో ఒకటి. రెండో సెక్షన్‌వాళ్ళూ పైపు సంపాదించారు. పదహారు రోజులు మాకే మంచి నీళ్ళు, తొమ్మిది రోజులు వాళ్ళకు.

మాకు సాయంగా రైల్వేవాళ్ళు ఒక కీమ్యాన్‌ని ఇచ్చారు. రోజూ పట్టాల వెంట నడుస్తూ బోల్టులు చూసుకునే మనిషి. యాభై దాటినవాడు. పైపు చూసిన రోజే ఆగిపోయాడు.

"గా పైపు తీసెయ్యిన్రి సార్. పానా గంతే పొడుగు ఎందుకు జేసిన్రు? గంత బలం సాలని."

నాయక్ అన్నాడు: "కాకా, నీ చేతులల్ల బలం లేదని చెప్పు. పానా మీద ఏస్తవేంది?"

"బలం నాకెందుకు బిడ్డా? ముప్పై ఏండ్ల సంది నా లైన్ల ఒక్క బండి పడలే. పలకలకు గ్రీజు వూయాలె. నట్టు పట్టుకోవాలె గని పిసకొద్దు. పట్టా అటిటు జరగాలె."

గ్రీజు సంగతి సుబేదార్ సాబ్‌కు చెప్పాను. "కలిపేది పట్టుకోవడానికా, జారడానికా?" అన్నాడు. నేను సెల్యూట్ కొట్టి వచ్చేశాను. పైపు సంగతి చెప్పలేదు. సందులు నా పని. బోల్టులు నా పని కాదు. పైగా సాయంత్రం నేనూ మంచి నీళ్ళతోనే స్నానం చేస్తున్నాను.

మే మొదటి వారంలో కీమ్యాన్ గుడారం దగ్గరికి వచ్చాడు. మధ్యాహ్నం ఒంటిగంట. తలకు తువ్వాలు.

"సార్, ఎండ పడితే పట్టా పలకాలె. టక్కు టక్కుమంట అతుకులు జరుగుతయి. మీ లైను పలుకుతలేదు. సడీసప్పుడు లేదు."

"కొలిచావా?"

"సప్పుడును ఏంతోని కొలుస్త సార్?"

నా దగ్గర దానికి కొలత లేదు. కాబట్టి రాసుకోలేదు.

మే నాలుగో వారం. లైను పూర్తయింది. ట్రయల్‌కు ఇంజన్ మధ్యాహ్నం రెండున్నరకే దొరుకుతుందన్నారు. ఆరు వ్యాగన్లను నెట్టుకుంటూ మనిషి నడక వేగంతో యార్డు దాకా రావాలి. అందుకని ఆ ఒక్కరోజు మధ్యాహ్నం మమ్మల్ని లైను మీదికి పంపారు. సుబేదార్ సాబ్ మెయిన్ లైను దగ్గర, ఇంజన్‌తో. నేను, నాయక్, కీమ్యాన్, వైర్‌లెస్ సెట్‌తో సిగ్నల్‌మన్, ఏడువందల నలభై మీటర్ల దగ్గర. అక్కడ ఎడమ వైపు అతుకు నంబరు యాభై ఏడు. దాని పక్కనే బండ.

ఒంటిగంటా యాభైకి థర్మామీటరు చూశాను. అరవై ఒకటి. అప్పటిదాకా అంత చూడలేదు. అలవాటు కొద్దీ సందు చూశాను.

అరవై ఒకటికి అర మిల్లీమీటరు కూడా ఉండకూడదు. ఆరు బద్ద తీసి పెట్టాను. అది నేరుగా లోపలికి వెళ్ళింది. ఆ అతుకు వేసిన రోజు పొద్దున ఎలా వెళ్ళిందో అలాగే.

యాభై ఆరు చూశాను. ఆరు. యాభై ఐదు. ఆరు. యాభై ఎనిమిది. ఐదుంటుంది. ఎక్కడా మూసుకోలేదు. రెండు నెలలు సందులు కొలిచాను. అన్నీ వేసే వేళ కొలిచినవే. మధ్యాహ్నపు సందును ఒక్కసారీ చూడలేదు. ఆ వేళ గుడారంలో ఉన్నాను.

పట్టాలు పెరగడం మానలేదు. పెరగనివ్వకుండా పలకలు పట్టేశాయి. పైపుతో పిసికిన వందల బోల్టులు పట్టేశాయి. ఆ బలమంతా ఇనుములోనే ఉంది. దాని మీదికి ఆరు వ్యాగన్లు రాబోతున్నాయి.

సమయం రెండూ నాలుగు. సెట్ అందుకున్నాను.

"సాబ్, సందులు మూసుకోలేదు. ట్రయల్ ఆపండి. ఓవర్."

"సందులున్నాయంటే మంచిదే కదా. బోల్టులు ఎలా ఉన్నాయి? ఓవర్."

"మరీ గట్టిగా ఉన్నాయి సాబ్. అదే తప్పు. ఓవర్."

కాసేపు గరగర. తర్వాత: "గట్టిగా ఉండటం తప్పా? సాయంత్రం మాట్లాడదాం. ఔట్."

సిగ్నల్‌మన్ నా వైపు చూడలేదు.

ఇరవై ఆరు నిమిషాలున్నాయి. అతుక్కి బయటి బోల్టులు రెండు వదులు చేస్తే పట్టా జరుగుతుంది, సందు మూసుకుంటుంది, బలం తగ్గుతుంది. అతుక్కి రెండు నిమిషాలు. బండ దగ్గరి పన్నెండు అతుకులు చేసినా చాలనుకున్నాను. లెక్క సరిపోయింది.

"యాభై ఏడు విప్పు," అన్నాను నాయక్‌తో.

కీమ్యాన్ నా చేయి పట్టుకున్నాడు. అప్పటిదాకా నన్ను ఎప్పుడూ ముట్టుకోలేదు.

"ఎండల విప్పొద్దు సార్. రేపు తెల్లారంగ విప్పుదాం, సల్లగున్నప్పుడు. ఇప్పుడు ముడితే పాము లెక్క లేస్తది. బండిని ఆపుడొక్కటే. నేను జెండా పట్టుకొని ఉరుకుత."

"ఉరుకు. మేం ఇక్కడ విప్పుతుంటాం."

"సార్..."

"వెళ్ళు కాకా, జల్దీ."

అతను ఎర్రజెండా విప్పుకుని పట్టాల మధ్య పరుగెత్తాడు. చెప్పులు ఒకటి తర్వాత ఒకటి ఊడిపోయాయి. ఆగలేదు.

నాయక్ బండకూ లైనుకూ మధ్య దిగాడు. అక్కడ ఒక కాలు పట్టేంత చోటుంది. నేను ఆ పట్టాకు ఇవతల కూర్చుని, సందులో బద్ద పెట్టి పట్టుకున్నాను. మూసుకుంటుంటే తెలుస్తుందని.

"కాకా పరేషాన్ అయితుండు సార్," అన్నాడు నాయక్, పైపు తొడుగుతూ. "విప్పమంటరా?"

రెండోసారి అడిగాడు. ఇది నాకు బాగా గుర్తు.

"విప్పు."

మొదటి నట్టు నాలుగు చుట్లు తిరిగింది. రెండోదాని మీద పానా పెట్టి ఒక్క గుంజు గుంజాడు. తుపాకీ పేలినట్టు చప్పుడైంది. తర్వాత చప్పుడు లేదు. లైను మొత్తం, పట్టాల కింద అడ్డంగా పరిచిన స్లీపర్ దిమ్మెలతో, కంకరతో, పక్కకు వెళ్ళింది. తర్వాత కొలిచాను. ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు.

స్లీపర్ కొస నాయక్ ఎడమ కాలిని బండకు అదిమేసింది.

సమయం రెండూ పదమూడు. కీమ్యాన్ ఇంజన్‌కు నూట ఎనభై మీటర్ల ఇవతల నిలబడి ఉన్నాడు. టైముకు ముందే కదిలిన ఇంజన్ అతని జెండా చూసి ఆగిపోయింది. రెండు జాకీలు తెచ్చి లైనును వెనక్కి నెట్టడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. జీపు మూడింటికి బయల్దేరింది. కాలు మోకాలి కింద తీసేశారని మర్నాడు పొద్దున సెట్‌లో చెప్పారు.

ఎంక్వైరీ జూన్ మొదటి వారంలో, మెస్ గుడారంలో జరిగింది. మేజర్ సాబ్ నాయక్ వాంగ్మూలం చదివాడు. "నేనే విప్పాను. ఎవరూ చెప్పలేదు," అని ఉంది. నేను లేచి, విప్పమన్నది నేనేనని చెప్పాను. రెండుసార్లు చెప్పాను. కీమ్యాన్ వద్దన్నాడని కూడా చెప్పాను. రాసుకున్నారు. సదుద్దేశంతో చేసినట్టు రాశారు. తర్వాత మేజర్ సాబ్ నా పట్టిక చూసి, లెక్క బాగుందని, ఒక కాపీ ఇమ్మని అడిగాడు. వేరే కంపెనీలకు పనికొస్తుందట. ఇచ్చాను.

తర్వాతి పది రోజులూ ఉదయం నాలుగు నుంచి ఆరు దాకా పని చేశాం. ఎనిమిది వందల బోల్టులు విప్పి, పలకలకు గ్రీజు పూసి, పైపు లేకుండా బిగించాం. కీమ్యాన్ ముందు నడిచాడు. నాతో పని మాట తప్ప మాట్లాడలేదు. ఆఖరి రోజు మధ్యాహ్నం ఆర్డరు లేకుండానే లైను మీదికి వెళ్ళాను. టక్కు టక్కుమని వినిపించింది. సందులు కొలిచాను. అన్నీ పట్టిక ప్రకారమే ఉన్నాయి.

జూన్ మూడో వారం, వాన పడుతుండగా మేడ్చల్‌లో రైలెక్కాం. నలభై ఒక్క మందిమి. నలభై రెండో కిట్ బ్యాగును నేను మోశాను. అందులో పరుగు బూట్ల జత ఉంది.

రిటైరయ్యాక యాప్రాల్‌లో ఇల్లు తీసుకున్నాను. తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీలో సెక్యూరిటీ సూపర్‌వైజర్ని. క్యాబ్ రోజూ శామీర్‌పేట మీదుగా వెళ్తుంది. చెరువు కట్ట కనిపించేచోట వాచీ చూసుకుంటాను. ఎందుకని డ్రైవర్ ఒకసారి అడిగాడు. అలవాటన్నాను. నాయక్ ఏడాదికి ఒకసారి ఫోన్ చేస్తాడు. పెళ్ళయింది. పిల్లలు బడికి వెళ్తున్నారు.

ఎంక్వైరీలో చెప్పనిది ఒకటుంది. వాళ్ళు అడగలేదు.

లైను ఆగాక నేను కూర్చున్నచోటే ఉన్నాను. చేతిలో బద్ద లేదు. అది అతుకులోనే ఉంది, పట్టా కొసలు దాన్ని కరిచిపట్టుకున్నాయి. కొంచెం కిందికి వంగితే, బద్ద అందని అడుగు భాగంలో కొసలు ఒకదాన్నొకటి ఆనుకుని కనిపించాయి. నాయక్ బండకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. కేక వేయలేదు. అతనూ ఆ అతుకునే చూస్తున్నాడు. మొహం నిండా చెమట.

"సార్," అన్నాడు మెల్లగా. "సందు మూసుకున్నది. రాసుకోన్రి."

రాసుకున్నాను. జేబులోంచి పుస్తకం తీసి, పెన్సిల్ తీసి, అతను చూస్తుండగా రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. టైము రెండూ పదమూడు, అతుకు యాభై ఏడు, వేడి అరవై ఒకటి, సందు సున్నా. అక్షరం ఎక్కడా వణకలేదు. సున్నా గుండ్రంగా ఉంది.