క్యాసెట్ బటన్ మీద చెయ్యి

తొంభైల్లో, ఖతార్‌లో, సెలవు శుక్రవారాలు మెసయీద్ నుంచి దోహా వెళ్ళే మా కంపెనీ బస్సులో ఒక పద్ధతి ఉండేది. టేపులో క్యాసెట్ ఒక్కో వైపు ఒక్కొక్కరి వంతు. ఓ శుక్రవారం, వేరే క్యాంప్‌లో ఉండే ఒక గోదావరి ఆయన ఎక్కి, తన వంతుకి జాజ్ క్యాసెట్ పెట్టాడు.

పాట లేదు. లోతుగా, దడదడమని ఒకటే మోత. నేను పంపుల మెకానిక్‌ని. ఇంజన్‌లో బేరింగ్ పోతోందనుకుని డ్రైవర్ని బండి ఆపమన్నాను.

ఆయన నవ్వలేదు. "బండికేం కాలేదండి. అది బేస్, పెద్ద వయొలిన్ లాంటిది. మనిషంత ఎత్తుంటది. ఇయ్యి ఆ బేస్ వాయించే ఆయన కుర్రతనంలో చేసిన మొదటి రికార్డులు. అందరి వెనకాల నిలబడి తాళం వెయ్యమన్నారండి. ఎలా ముందుకొచ్చేశాడో వినండి."

జగిత్యాల మనిషొకడు లేచి వచ్చి టేపు వైపు చెయ్యి చాపాడు. "గీ మోత ఎవనికి గావాలె? తీసెయ్ భాయ్, సినిమా పాటలు పెట్టు."

గోదావరి ఆయన క్యాసెట్ బటన్‌ని అరచేత్తో మూసేశాడు. "నా వంతండి. ఈ వైపు అయ్యేదాకా తియ్యను."

బస్సంతా గొణిగింది. అల్ వక్రా దాటినా ఆ చెయ్యి కదల్లేదు. ఆ సంగీతం నాకు నచ్చిందని చెప్పను. కానీ చివరిదాకా విన్నాను.

మర్నాడు డ్యూటీలో ఒక పంపు నిజంగానే అలా మోగింది. ఆపేశాను. ఫోర్‌మన్ పరుగున వచ్చాడు. "మాఫీ ముష్కిల్. యల్లా, చాలూ కరో." ఏం కాదు, త్వరగా నడిపించమని.

స్విచ్ మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాను. బేరింగ్ విప్పి చూసేదాకా తియ్యనన్నాను.